మాక్రోలో ‘ఈ పేరు ఇప్పటికే ఉంది’ అంటోందా? రెండోది ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఎక్సెల్‌లో మాక్రో (పనిని దానంతటదే చేసిపెట్టే కోడ్) బటన్ నొక్కారు. పని జరగలేదు సరికదా, ‘కంపైల్ ఎర్రర్: ఆంబిగ్యుయస్ నేమ్ డిటెక్టెడ్’ అంటూ ఒక బాక్స్ వచ్చి కూర్చుంది. నిన్న సాయంత్రం దాకా బుద్ధిగా నడిచిన ఫైలే. మధ్యలో మీరు చేసిందల్లా ఎక్కడో దొరికిన పది లైన్ల కోడ్ తెచ్చి అడుగున అతికించడమే.

ఇది టెన్షన్ పడాల్సిన తప్పేం కాదు. కాకపోతే ఈ ఎర్రర్ సగం సంగతే చెబుతుంది. ఒక పేరు రెండు చోట్ల ఉందంటుంది, చూపించేది మాత్రం ఒక్కచోటే. రెండోది ఎక్కడ నక్కిందో మనమే వెతుక్కోవాలి. చాలామంది కనబడిన పేరును చటుక్కున మార్చేసి, ఎర్రర్ పోయింది కదా అని ఊపిరి పీల్చుకుంటారు. ఎర్రర్ పోతుంది, దాంతోపాటు ఆ కోడ్ చేయాల్సిన పనీ ఆగిపోతుంది. కాబట్టి ఎక్సెల్‌లో ఇలాంటి ఎర్రర్ ఏది వచ్చినా ముందు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఆ రెండోది ఎక్కడుంది?

ఫిర్యాదు ఎవరిదో చూడండి

అన్నిటికంటే ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. తర్వాత ఎర్రర్ బాక్స్‌ని ఓకే కొట్టి తోసేయకుండా అందులో ఏముందో పూర్తిగా చదవండి. ఒకే పేరు రెండుసార్లు వస్తే అభ్యంతరం చెప్పేవాళ్లు ముగ్గురు. ఎవరు చెబుతున్నారో తెలిస్తే వెతకాల్సిన చోటు తెలిసిపోతుంది.

‘కంపైల్ ఎర్రర్’ అని ఉంటే ఫిర్యాదు విబిఏ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) కంపైలర్‌ది, అంటే కోడ్‌ని నడిపే ముందు సరిచూసేదానిది. అంటే తప్పు మీ కోడ్ రాతలోనే ఉంది, షీట్‌లోని డేటాతో సంబంధం లేదు. ‘రన్-టైమ్ ఎర్రర్ 1004’ అని వచ్చి, కింద పేరు ఇప్పటికే వాడుకలో ఉందని రాసి ఉంటే అది ఎక్సెల్ మాట. కోడ్ రాత బాగానే ఉంది, కానీ అది ఒక షీట్‌కి పెట్టబోయిన పేరు ఇంకో షీట్‌కి ముందే ఉంది. ‘రన్-టైమ్ ఎర్రర్ 457’ అయితే మీ కలెక్షన్‌లోనో డిక్షనరీలోనో (విలువలను కీ అనే గుర్తు పేరుతో దాచుకునే జాబితాలు) ఒకే కీ రెండోసారి పడబోయింది.

కంపైల్ ఎర్రర్ల విషయంలో ఒక తిరకాసు ఉంది. ఏదైనా మాక్రోని నడిపినప్పుడు అది ఉన్న మాడ్యూల్ (కోడ్ రాసే పేజీ) మొత్తాన్నీ విబిఏ కంపైల్ చేస్తుంది. అందుకే మీరు నడిపిన మాక్రోలో ఏ తప్పూ లేకపోయినా, అదే మాడ్యూల్ అడుగున ఉన్న జంట పేర్ల వల్ల ఆగిపోవచ్చు. మీరు ముట్టుకోని మాడ్యూల్‌లో తప్పుంటే అది రోజుల తరబడి బయటపడకపోవచ్చు కూడా. అందుకని ఆల్ట్+ఎఫ్11 తో ఎడిటర్ తెరిచి, డీబగ్ మెనూలో మొదటగా ఉండే ‘కంపైల్’ నొక్కండి. అది ఒకసారికి ఒక్క తప్పునే చూపిస్తుంది. సరిచేసి మళ్లీ నొక్కండి. ఆ మెనూ మాట బూడిదరంగులోకి మారి ఇక నొక్కడానికి వీల్లేకుండా అయ్యేదాకా ఇదే పని.

ఒకే మాడ్యూల్‌లో రెండు కత్తులు

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. విబిఏ మాడ్యూల్ కూడా అలాంటి ఒరే. ఒక మాడ్యూల్‌లో ఒకే పేరుతో రెండు ప్రొసీజర్లు (సబ్, ఫంక్షన్ లాంటి కోడ్ ముక్కలు) ఉండకూడదు. కొన్ని ఇతర భాషల్లో ఆర్గ్యుమెంట్లు (ప్రొసీజర్‌కి అందించే విలువలు) వేరుగా ఉంటే ఒకే పేరును రెండుసార్లు వాడుకోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కలోకి రాదు. పైగా ఇది ప్రొసీజర్లకే పరిమితం కాదు. మాడ్యూల్ పైభాగాన ప్రకటించిన వేరియబుల్‌కీ, అదే మాడ్యూల్‌లో కింద రాసిన ఫంక్షన్‌కీ ఒకే పేరున్నా ఈ ఎర్రరే వస్తుంది. కాబట్టి వెతికేటప్పుడు ‘సబ్’ అని ఉన్న లైన్లు మాత్రమే చూస్తే సరిపోదు.

వెతకడం ఇలా: ఎర్రర్ బాక్స్‌లో కోలన్ తర్వాత ఉన్న పేరును రాసిపెట్టుకోండి. ఎడిటర్‌లో కంట్రోల్+ఎఫ్ నొక్కి ఆ పేరు టైప్ చేయండి. వెతకాల్సిన పరిధిగా ‘కరెంట్ ప్రాజెక్ట్’ ఎంచుకుని, ‘ఫైండ్ హోల్ వర్డ్ ఓన్లీ’ దగ్గర టిక్ పెట్టండి. ఎఫ్3 తో ఒక్కో చోటికీ వెళ్తూ, ఆ పేరును పుట్టించే లైన్లు ఏవో, ఊరికే వాడుకునే లైన్లు ఏవో విడదీసుకోండి. పుట్టించే లైన్లు రెండు తేలాయంటే మీరు వెతుకుతున్నది దొరికినట్టే.

ఇక అన్నిటికంటే ఎక్కువమంది చిక్కుకునే చోటు షీట్ మాడ్యూల్. షీట్‌లో ఏదైనా మారగానే నడవాల్సిన కోడ్‌ని ‘వర్క్‌షీట్_ఛేంజ్’ అనే ఈవెంట్‌లో రాస్తాం. తేదీ దానంతటదే పడటానికి ఒక కోడ్ తెచ్చి పెట్టుకున్నారు, ఆర్నెల్ల తర్వాత రంగు మార్చడానికి ఇంకో కోడ్ తెచ్చి దాని కింద అతికించారు. రెండూ ‘వర్క్‌షీట్_ఛేంజ్’ పేరుతోనే మొదలవుతాయి. ఎర్రర్ ఖాయం.

దీనికి చాలామంది చేసే తప్పుడు వైద్యం రెండోదాని పేరు చివర ఒక అంకె చేర్చడం. ‘వర్క్‌షీట్_ఛేంజ్2’ అనగానే ఎర్రర్ మాయమవుతుంది. కానీ ఆ పేరుతో ఎక్సెల్‌కి ఏ ఈవెంటూ లేదు. ఎక్సెల్ పిలిచేది అసలు పేరునే, ఈ కొత్త పేరును ఎవరూ పిలవరు. కోడ్ అక్కడే ఉంటుంది, ఎప్పటికీ నడవదు.

రెండో వైద్యం రెండింటి లోపలి లైన్లనూ ఒకే సబ్‌లో వరసగా పెట్టడం. ఇది సగం సరైందే. నేను కూడా ఇలాగే కలిపి ఒక పూట పోగొట్టుకున్నాను. మొదటి ముక్కలో ‘మారింది రెండో కాలమ్ కాకపోతే ఎగ్జిట్ సబ్’ అనే లైన్ ఉంది. అది ఒంటరిగా ఉన్నప్పుడు సరైన లైనే. రెండూ కలిశాక మాత్రం ఐదో కాలమ్‌లో మార్పు వచ్చిన ప్రతిసారీ అక్కడికక్కడే బయటికి వెళ్లిపోయి, కింద ఉన్న రెండో ముక్కకి నడిచే అవకాశమే ఇవ్వలేదు. ఎర్రర్ రాదు, పని జరగదు. ఇలాంటి తప్పుని పట్టుకోవడం ఎర్రర్ వచ్చే తప్పుని పట్టుకోవడం కంటే చాలా కష్టం.

నికరమైన పద్ధతి ఇది. రెండు ముక్కలకీ అవి చేసే పనిని బట్టి వేర్వేరు పేర్లు పెట్టండి, ఒకటి ‘తేదీ_వేయి’, ఇంకొకటి ‘రంగు_మార్చు’ అనుకుందాం. రెండూ ‘టార్గెట్’ అనే రేంజ్‌ని ఆర్గ్యుమెంట్‌గా తీసుకునేలా ఉంచండి. తర్వాత ‘వర్క్‌షీట్_ఛేంజ్’ ఒక్కటే రాసి, అందులో ఆ రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి పిలిచి టార్గెట్‌ని అందించండి. ఇప్పుడు మొదటిదాంట్లో ఎగ్జిట్ సబ్ ఉన్నా అది తన ప్రొసీజర్ లోంచే బయటికి వస్తుంది, రెండోదాని జోలికి పోదు. రేపు మూడో పని వచ్చినా ఇంకో లైన్ చేర్చుకోవడమే. వర్క్‌బుక్ తెరిచినప్పుడు నడిచే ‘వర్క్‌బుక్_ఓపెన్’ కీ ఇదే మందు.

ఒకమాట. ఈ ముక్కలు సెల్స్‌లోకి ఏదైనా రాసేవైతే, రాసే ముందు ఈవెంట్లు నడవాలా వద్దా అని చెప్పే ‘ఎనేబుల్‌ఈవెంట్స్’ని ఫాల్స్ చేసి, అయ్యాక ట్రూ చేసే లైన్లు వాటిలో ఉంటాయి. మధ్యలో ఎర్రర్ వచ్చి మీరు ‘ఎండ్’ నొక్కితే అది ఫాల్స్‌లోనే ఉండిపోతుంది. తర్వాత మీ కోడ్ ఎంత సరిగ్గా ఉన్నా ఏ ఈవెంటూ పలకదు. కంట్రోల్+జి నొక్కి ఇమ్మీడియట్ విండోలో ‘అప్లికేషన్.ఎనేబుల్‌ఈవెంట్స్ = ట్రూ’ అనే లైన్ రాసి ఎంటర్ కొట్టి అప్పుడు పరీక్షించండి.

రెండు మాడ్యూళ్లలో ఒకే పేరు

మాడ్యూళ్లు వేరైతే ఒకే పేరు ఉండొచ్చు, విబిఏకి అభ్యంతరం లేదు. పిలిచినప్పుడే గొడవ. రెండు స్టాండర్డ్ మాడ్యూళ్లలో ‘మొత్తం’ అనే పబ్లిక్ (ఏ మాడ్యూల్ నుంచైనా పిలవగల) ఫంక్షన్లు ఉండి, మూడో మాడ్యూల్ నుంచి ఉత్త ‘మొత్తం’ అని పిలిస్తే ఎవర్ని పిలుస్తున్నారో దానికి తెలియక ఆంబిగ్యుయస్ అంటుంది. అదే ఆ రెండు మాడ్యూళ్లలో ఒకదాని లోపలి నుంచే పిలిస్తే తన ఇంట్లో ఉన్నదాన్నే తీసుకుని ముందుకెళ్తుంది, కిక్కురుమనదు. ఒక చోట నడిచిన లైన్ ఇంకో చోట నడవకపోవడానికి ఇదే కారణం.

ఇంటిపేరుతో సహా పిలిస్తే సరిపోతుంది. మాడ్యూల్ పేరు, చుక్క, ప్రొసీజర్ పేరు. లేదా ఆ మాడ్యూల్‌కే పరిమితమైన ఫంక్షన్‌కి ముందు ‘ప్రైవేట్’ అని చేర్చండి, ఇక అది గడప దాటదు. ప్రైవేట్ చేసిన మాక్రో ఆల్ట్+ఎఫ్8 జాబితాలో కనిపించదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

అసలు రెండు మాడ్యూళ్లలో ఒకే కోడ్ ఎలా చేరిందంటారా? ఎక్కువసార్లు ఇంపోర్ట్ వల్లే. మాడ్యూల్1 ఉన్న ఫైల్‌లోకి అదే పేరున్న మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేస్తే పాతదాన్ని చెరపదు. కొత్తదానికి చివర ఇంకో ఒకటి తగిలించి మాడ్యూల్11 అని పక్కన పెడుతుంది. ఎడమ పక్క ప్రాజెక్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఇలాంటి 11 ఏదైనా కనిపిస్తే మొదటి అనుమానం దాని మీదే పెట్టుకోండి. పాతదేదో కొత్తదేదో తేల్చుకున్నాకే ఒకదాన్ని తీసేయండి. తీసేటప్పుడు ఎక్స్‌పోర్ట్ చేయమంటారా అని అడుగుతుంది, చేయమనండి, పోయేదేం లేదు.

విండోస్ ఫంక్షన్లను వాడుకోవడానికి రాసే ‘డిక్లేర్’ లైన్లదీ ఇదే కథ. ‘స్లీప్’ డిక్లేర్ లైన్ ప్రతి మాడ్యూల్‌లోనూ అతికించడం చాలామందికి అలవాటు. దాన్ని ఒక్కచోటే పబ్లిక్‌గా ఉంచండి, లేదంటే అన్నిచోట్లా ప్రైవేట్ చేయండి. 32 బిట్, 64 బిట్ ఆఫీస్‌ల కోసం ఒకే పేరుతో రెండు డిక్లేర్ లైన్లు రాయాల్సి వస్తే అవి హ్యాష్ గుర్తుతో మొదలయ్యే ఇఫ్, ఎల్స్ మధ్యే ఉండాలి. ఆ హ్యాష్ లేని మామూలు ఇఫ్ అక్కడ పనికిరాదు.

ప్రొసీజర్ లోపల

‘డూప్లికేట్ డిక్లరేషన్ ఇన్ కరెంట్ స్కోప్’ అని వస్తే వెతకాల్సింది ఆ ఒక్క ప్రొసీజర్‌లోనే. కంటికి కనబడేంత దూరంలోనే ఉంటుంది రెండోది. అయినా కొందరికి అర్థం కాదు, ఎందుకంటే వేరియబుల్‌ని ప్రకటించే ‘డిమ్’ లైన్ ఒకటి ఇఫ్ లోపల ఉంటుంది, ఇంకొకటి ఎల్స్ లోపల ఉంటుంది. రెండూ ఒకేసారి నడవవు కదా అనిపిస్తుంది. విబిఏలో ఇఫ్‌కి, ఫర్ లూప్‌కి సొంత గోడలు లేవు. డిమ్ ఎక్కడ రాసినా ప్రొసీజర్ మొత్తానికీ చెందుతుంది. రెండోదాన్ని తీసేయండి, చాలు. తీసేముందు రెండింటి టైప్ ఒకటేనా అని చూడండి. వేరైతే అది నిజంగా రెండో వేరియబుల్, దానికి వేరే పేరు కావాలి.

రెండు ‘డిమ్’లు కనబడకపోతే పైన బ్రాకెట్లలో ఉన్న ఆర్గ్యుమెంట్లు చూడండి. అక్కడ ఉన్న పేరునే లోపల మళ్లీ డిమ్ చేసి ఉంటారు. ఫంక్షన్ అయితే దాని పేరు కూడా లోపల వేరియబుల్ లాంటిదే, ఫలితం దాంట్లోంచే బయటికొస్తుంది. ఆ పేరుని డిమ్ చేసినా ఇదే ఎర్రర్.

మాడ్యూల్ పేరే అడ్డొస్తే

‘ఎక్స్‌పెక్టెడ్ వేరియబుల్ ఆర్ ప్రొసీజర్, నాట్ మాడ్యూల్’ అన్న ఎర్రర్ చదవగానే డూప్లికేట్ గొడవలా అనిపించదు. కానీ అదీ ఈ కుటుంబమే. మాక్రోకి పెట్టిన పేరే మాడ్యూల్‌కి కూడా పెట్టారన్నమాట. సెల్‌లో వాడే సొంత ఫంక్షన్‌కి ఇలా జరిగితే ఎర్రర్ బాక్స్ కూడా రాదు, సెల్‌లో హ్యాష్-నేమ్ అని మాత్రం పడుతుంది. స్పెల్లింగ్ తప్పేమోనని ఫార్ములాని పదిసార్లు టైప్ చేసినవాళ్లు ఉన్నారు. మాడ్యూల్‌ని ఎంచుకుని ఎఫ్4 నొక్కి పేరు మార్చితే పోతుంది. నేనైతే మాడ్యూళ్ల పేర్ల ముందు ‘మాడ్’ అని మూడక్షరాల తోక తగిలిస్తాను. తోక ముందుంటుందా అని అడక్కండి.

ఒక వర్క్‌బుక్ నుంచి ఇంకో వర్క్‌బుక్‌కి రిఫరెన్స్ ఇవ్వబోతే ‘నేమ్ కాన్‌ఫ్లిక్ట్స్ విత్ ఎగ్జిస్టింగ్ మాడ్యూల్, ప్రాజెక్ట్, ఆర్ ఆబ్జెక్ట్ లైబ్రరీ’ అంటుంది. కొత్తగా పుట్టే ప్రతి ప్రాజెక్ట్‌కీ ఎక్సెల్ ‘విబిఏప్రాజెక్ట్’ అనే ఒకే పేరు పెడుతుంది, అదే కారణం. టూల్స్ మెనూలో ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ఒకదాని పేరు మార్చండి.

షీట్ పేర్లు, 1004

కోడ్‌తో షీట్ చేర్చి పేరు పెట్టే మాక్రోని రెండోసారి నడిపితే ఆగిపోవడం మామూలే, మొదటిసారి పుట్టిన షీట్ అక్కడే ఉంది కదా. కానీ ట్యాబుల్లో ఎంత వెతికినా ఆ పేరు కనబడకపోతే? దాచిన షీట్లు చూడండి. ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘అన్‌హైడ్’ అంటే వచ్చే జాబితా కూడా పూర్తిది కాదు. ‘వెరీ హిడెన్’ అని ఇంకో స్థాయి ఉంది, అలా దాచిన షీట్ ఆ జాబితాలోకి రాదు, ఎడిటర్‌లోని ప్రాజెక్ట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే కనబడుతుంది. చార్ట్ కోసం విడిగా చేసిన షీట్లూ ఇదే వరసలోకి వస్తాయి. అందుకే పేరు ఉందో లేదో చూసే లూప్‌ని ‘వర్క్‌షీట్స్’ మీద కాకుండా ‘షీట్స్’ మీద తిప్పాలి. పోల్చేటప్పుడు రెండు పేర్లనీ చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చండి, ఎక్సెల్‌కి షీట్ పేర్లలో ఆ తేడా లేదు.

షీట్ పేరుకి 31 అక్షరాలే హద్దు. పొడవాటి పేర్లను మీ కోడ్ 31 దగ్గర కత్తిరిస్తుంటే, చివర మాత్రమే తేడా ఉన్న రెండు పేర్లు కత్తిరించాక ఒకటైపోతాయి. డేటాలో రెండూ వేరుగా కనబడతాయి కాబట్టి తప్పు అర్థం కాదు. అలాంటప్పుడు 28 దగ్గర కత్తిరించి చివర వరుస సంఖ్య చేర్చండి.

ఇంకో సంగతి, షీట్ చేర్చడం, పేరు పెట్టడం రెండు వేరు పనులు. పేరు దగ్గర ఎర్రర్ వచ్చేసరికే షీట్ పుట్టేసి ఉంటుంది. నాలుగుసార్లు ప్రయత్నిస్తే నాలుగు అనాథ షీట్లు మిగులుతాయి. కాబట్టి పేరు ఖాళీగా ఉందో లేదో ముందు చూసి, తర్వాతే షీట్ చేర్చండి. ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ పెట్టి దాటేస్తే ఎర్రర్ కనబడదు గానీ ఆ తర్వాతి లైన్లు ఏ షీట్‌లో రాస్తున్నాయో దేవుడికే ఎరుక.

నేమ్ మేనేజర్‌లో జంటలు

సెల్స్‌కి పెట్టిన పేర్లకి రెండు పరిధులు ఉంటాయి, మొత్తం వర్క్‌బుక్‌ది ఒకటి, ఒక్క షీట్‌కే చెందేది ఇంకొకటి. ‘రేటు’ అని పేరు పెట్టిన సెల్ ఉన్న షీట్‌ని అదే ఫైల్‌లో కాపీ చేస్తే, కొత్త షీట్‌కి సొంతంగా ఇంకో ‘రేటు’ పుడుతుంది. ఇక మాక్రోలో ఉత్త ‘రేంజ్’ పెట్టి ‘రేటు’ని అడిగితే, ఆ క్షణాన ఏ షీట్ తెరిచి ఉందో దాన్ని బట్టి జవాబు మారుతుంది. కంట్రోల్+ఎఫ్3 నొక్కి, ‘స్కోప్’ కాలమ్ చూడండి. ఫిల్టర్‌లో షీట్ పరిధి ఉన్నవాటినే చూపమని అడగొచ్చు. అక్కర్లేని స్థానిక పేర్లను తీసేసి, కోడ్‌లో రేంజ్‌కి ముందు షీట్ పేరు కూడా రాయండి.

నేమ్ మేనేజర్‌లో ఏమీ లేకపోయినా షీట్ కాపీ చేసిన ప్రతిసారీ ‘ఈ పేరు ఇప్పటికే ఉంది’ అని పదేపదే అడుగుతోందంటే దాచిన పేర్లు ఉన్నాయని అర్థం. నేమ్స్ మీద చిన్న లూప్ తిప్పి ప్రతిదాని ‘విజిబుల్’ని ట్రూ చేయండి, అన్నీ బయటికొస్తాయి. వాటిలో అండర్‌స్కోర్‌తో మొదలయ్యేవి ఎక్సెల్ తన పనికోసం పెట్టుకున్నవి కావచ్చు, తెలియకుండా తీసేయకండి.

కోడ్‌తో ‘నేమ్స్.యాడ్’ చేసినప్పుడు మాత్రం అదే పరిధిలో ఆ పేరు ముందే ఉన్నా ఎర్రర్ రాదు. పాతదాన్ని తుడిచేసి కొత్తది రాసేస్తుంది. ఎర్రర్ వస్తేనే నయమనిపించే సందర్భమిది.

457

డిక్షనరీలో ‘యాడ్’ వాడితే రెండోసారి అదే కీ వచ్చినప్పుడు ఈ ఎర్రర్ వస్తుంది. కీ ఉందో లేదో ‘ఎగ్జిస్ట్స్’తో అడిగి చేర్చండి. ఆఖరి విలువ నిలిస్తే చాలనుకుంటే యాడ్ మానేసి కీకి నేరుగా విలువ ఇచ్చేయండి. కానీ ముందు డేటా చూడండి. ఆ కీ రెండుసార్లు రాకూడనిదైతే ఎర్రర్ మీకు మేలే చేసింది.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది, డూప్లికేట్లు ఉన్నా దొరకకపోవడం. డిక్షనరీ మామూలుగా పెద్ద, చిన్న అక్షరాలను వేరుగా చూస్తుంది, కలెక్షన్ చూడదు. డిక్షనరీకి ‘కంపేర్‌మోడ్’ మార్చాలంటే ఒక్క కీ కూడా చేర్చకముందే మార్చాలి. చివర ఖాళీ ఉన్న పేరు, లేని పేరు రెండు వేర్వేరు కీలు. ట్రిమ్ చేసినా పోని ఖాళీ అయితే అది వెబ్ పేజీల నుంచి కాపీలో వచ్చే 160 నంబర్ క్యారెక్టర్. దాన్ని ముందు మామూలు ఖాళీగా మార్చి తర్వాత ట్రిమ్ చేయండి. ఇంకోటి, కీగా సెల్‌ని ఇచ్చేటప్పుడు ‘.వాల్యూ’ మర్చిపోతే డిక్షనరీ ఆ సెల్‌నే ఆబ్జెక్ట్‌గా కీ చేసుకుంటుంది. అప్పుడు వంద సెల్స్‌లో ఒకే మాట ఉన్నా వంద కీలు తయారవుతాయి.

అన్నీ సరిచేశాక డీబగ్ కంపైల్ ఇంకోసారి నొక్కి, ఫైల్ మూసి మళ్లీ తెరవండి. ఈవెంట్ కోడ్‌ని కలిపినవాళ్లైతే షీట్‌లో ఒక్కో కాలమ్‌లో ఒక విలువ మార్చి, తేదీ, రంగు రెండూ నిజంగా పడుతున్నాయో చూడండి. మొదట్లో తీసిన కాపీని ఆ పరీక్ష అయ్యేదాకా ఉంచండి.